కుడివైపు బోల్టు

ప్రియమైన ఫ్యూజుగారికి,

మీ ఉత్తరం అందింది. అలిగి కొండెక్కి కూర్చునే మొగుళ్ళ గురించి విన్నాను గానీ, జీతం తీసుకుని మరీ కొండెక్కి కూర్చున్నది మీరొక్కరే. సెల్లు పలకదు, బస్సు సగం దారిలోనే తిరిగి వెళ్ళిపోతుంది. సరుకుల వ్యాను మోసుకొచ్చే కాగితమే మన కాపురం అయిపోయింది.

కుశల ప్రశ్నలు తర్వాత. కారు మీ అన్నయ్యకి ఇచ్చేద్దామని రాశారు, అది నాకు నచ్చలేదు. ఇంటిముందు ఊరికే నిలబడి పాడైపోతోందన్నారు. అది ఊరికే నిలబడలేదండీ, నా కోసం నిలబడింది. మీరు కరెంటు పని చేస్తున్న ఆ సొరంగం కొండ అవతలికి తేలేదాకా మీకు సెలవు లేదు. సొంత బండిలో వచ్చే భార్యలకి మాత్రం అక్కడ గది ఇస్తారని మీరే చెప్పారు. ఆ బండి కాస్తా పోతే నేను మిమ్మల్ని చూసేది ఎప్పుడు? డ్రైవింగు నేర్చుకున్నదే అందుకు. మా డ్రైవింగు బడి పక్క సందులో రివర్సు కూడా చేస్తున్నాను, గోడ ఇంకా బాగానే ఉంది.

బావగారు మొన్న వచ్చి టైర్లని కాలితో తన్ని చూసి వెళ్ళారు. కొనబోయే గేదె పళ్ళు చూసినట్టు ముందు బానెట్ కూడా ఎత్తి చూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది, టీ మాత్రం ఇచ్చాను.

ఏం చేస్తే కారు నా దగ్గర ఉంచుతారో చెప్పండి.

మీ కత్తెర

—

ప్రియమైన కత్తెరకి,

నీ ఉత్తరం మా వైర్‌మన్లందరి ముందూ చదివి నవ్వాను, తర్వాత ఒక్కణ్ణే చదివి నవ్వలేకపోయాను. నాకు మాత్రం ఇక్కడ ఏం సుఖంగా ఉంది చెప్పు? పొద్దస్తమానం ప్యానెల్ బోర్డులతోనే సంసారం.

కానీ నా భయం నాది. కింద టోల్‌గేటు దాటాక ఇక్కడిదాకా ఒక్క మెకానిక్కు షాపు లేదు. ఇంజిన్లో ఉన్న ఆయిల్ గడువు దాటిపోయింది. దాంతో ఇంత ఎత్తు ఎక్కితే ఇంజిన్ పట్టేస్తుంది. నువ్వు లోయ పక్కన ఒంటరిగా నిలబడాలి. అందుకే ఒక పందెం. ఎవర్నీ పిలవకుండా నువ్వే ఆయిల్ మార్చు. అది నీవల్ల అయితే, దారిలో ఏదైనా వస్తే తట్టుకోగలవని నమ్ముతాను. అమ్మకం మాట మళ్ళీ ఎత్తను.

పని పెద్దదేం కాదు. ఇంజిన్ కాసేపు వేడిచేసి ఆపు. ముందు చక్రాలు మెట్లలా పేర్చిన మందపాటి చెక్క పలకల మీదికెక్కించి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి ఇటుకలు పెట్టు. ఉత్త జాకీ మీద నిలబెట్టి కిందికి దూరావంటే నా మీద ఒట్టే. బానెట్ ఎత్తి, కారుకి ఎదురుగా, నేను బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడు. కింద రెండు బోల్టులుంటాయి. కుడివైపుది ఇంజిన్‌ది. దాన్ని విప్పితే పాత ఆయిల్ కారుతుంది, కింద తొట్టి పెట్టు. మొత్తం దిగాక వాషరుతో సహా మళ్ళీ బిగించి, పైనుంచి కొత్త డబ్బా పొయ్యి. రెండు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపి, ఆయిల్ ఎంతుందో గుచ్చి చూసే పుల్ల తీసి చూడు. రెండు గీతల మధ్య ఉండాలి. ఫిల్టరు జోలికి ఇప్పుడే పోవద్దు.

ఎడమవైపు బోల్టుని మాత్రం ముట్టుకోకు. అది గేర్‌బాక్సుది.

నీ ఫ్యూజు

—

ప్రియమైన ఫ్యూజుగారికి,

చేశాను. చేశాననే అనుకుంటున్నాను. ఏం చేశానో మాత్రం నాకు అర్థం కావడం లేదు.

మీరు చెప్పింది పొల్లుపోకుండా పాటించాను. షాపు మూసేసి, మీ పాత ప్యాంటు తొడుక్కుని, దుప్పటి పరుచుకుని కిందికి దూరాను. మన పక్కింటావిడ కారు కింద నా కాళ్ళు చూసి కేక పెట్టింది. బతికే ఉన్నానని చెప్పడానికే కాసేపు పట్టింది. ముందుగానే ఎదురుగా నిలబడి దాని కుడివైపు ఏదో గుర్తుపెట్టుకున్నాను కాబట్టి బోల్టు దగ్గర తడుముకోలేదు. అది మాత్రం ఒక పట్టాన కదల్లేదు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగితే కదిలింది, నా మోచెయ్యి చక్రానికి కొట్టుకుని వాచింది.

ఇక అక్కణ్ణుంచి అన్నీ తికమకలే. పాత ఆయిల్ నల్లగా ఉంటుందని మీరు ఎన్నిసార్లు చెప్పారు? ఇది తేనెలా ఉంది. పైగా ఒకటే కంపు, కుళ్ళిన గుడ్డు కంపు. ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని మార్చడం దేనికా అని ఒక్క క్షణం ఆగాను. మీరు బండిని ఎంత బాగా చూసుకుంటారోనని మురిసిపోయాను కూడా. సరే, మీరు మార్చమన్నారు, మారుస్తాను. కొత్త డబ్బా మొత్తం పోశాను. కిందికి దిగినది చూస్తే అందులో సగమైనా లేదు. మిగతాది ఎవరు తాగారు?

ఇంజిన్ తిప్పి ఆపి పుల్ల తీసి చూశాను. రెండు గీతలూ మునిగిపోయి ఆయిల్ ఇంకా పైకుంది. అదీ నల్లగా, బొగ్గులాగా. ఈ చేతులతో పోసింది బంగారం రంగు కదండీ. పుల్ల తలకిందులుగా పట్టుకున్నానేమోనని తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. తేనెలా ఉన్నదాన్ని పారబోసి నల్లదాన్ని పోశానా? నాకు కళ్ళు పోయాయా, లేక మీ కారుకి పిచ్చెక్కిందా?

బండి మెట్ల పలకల మీదనుంచి దింపలేదు, కదపలేదు. బావగారికి మాత్రం చెప్పొద్దు. ఆయన నవ్వే నవ్వు నేను భరించలేను. త్వరగా రాయండి.

మీ కత్తెర

—

ప్రియమైన కత్తెరకి,

ముందు ఒక్క మాట. కారు స్టార్ట్ చెయ్యకు, కదపకు, దాని మీద చెయ్యి కూడా వెయ్యకు.

నీ ఉత్తరం చదివి నా బుర్ర గిర్రున తిరిగింది. తేనెరంగు, కంపు అంటే అది గేర్ ఆయిల్. నువ్వు ఎడమ బోల్టు విప్పావన్నమాట. కుడి అని అంత స్పష్టంగా రాసి, ఎడమది ముట్టుకోవద్దని విడిగా కూడా రాస్తే, ఎడమదే ఎలా విప్పావు? పోనీ కుడీ ఎడమా తెలియని మనిషివా అంటే, రోజూ కోట్లు కుట్టేదానివి. ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు గేర్‌బాక్సు ఖాళీ, ఇంజిన్ పొట్ట నిండా డబుల్ ఆయిల్. ఆ స్థితిలో నడిపితే రెండూ పోతాయి.

తప్పు నాదే. ఉత్తరాల్లో నేర్పే పని కాదు ఇది. నిన్ను ఏమీ అనను. పందెం అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. అన్నయ్యకి కూడా రాస్తున్నాను, వచ్చి బండిని లాక్కెళ్ళి బాగుచేయించుకుంటాడు. తాళం ఆయనకి ఇచ్చెయ్యి. సొరంగం ఎప్పటికో అప్పటికి పూర్తవుతుంది. అప్పటిదాకా ఓపిక పడదాం.

మోచేతికి మందు రాశావా?

నీ ఫ్యూజు

—

ప్రియమైన ఫ్యూజుగారికి,

ఇది వ్యానులో రాలేదని చూడగానే తెలిసుంటుంది. కొలతల కాగితం వెనక రాస్తున్నాను, బల్ల కూడా లేదు, అక్షరాలు వంకరపోతే సర్దుకోండి.

మీ ఉత్తరం నాకు అందేసరికి సంగతి నాకే తెలిసిపోయింది. ఎలాగంటే, బ్యాండు మేళం వాయించే ఒకాయన కోటు కొలతలకి వచ్చారు. ఎదురుగా నిలబెట్టి, కుడి చెయ్యి ఎత్తండి అన్నాను. ఆయన ఎత్తారు. నేను టేపు పట్టుకుని నా ఎడమవైపుకి జరిగాను. రోజూ చేసే పనే. కానీ ఆ రోజు అక్కడే కొయ్యబారిపోయాను. ఎదురుగా ఉన్న మనిషి కుడి నాకు ఎడమ. చొక్కా తొడుక్కున్నవాళ్ళదే కుడి, కుట్టేవాళ్ళది కాదు. నాకు పని నేర్పినావిడ తలమీద మొట్టి మరీ ఎక్కించిన పాఠం ఇది. మీరు కారుకి ఎదురుగా నిలబడి కుడి అన్నారు. నేను ఎదురుగా నిలబడి, కారు కుడి అనుకున్నాను, ఎందుకంటే తొడుక్కునేది అది కదా.

మీరు బోర్డుకి ఎదురుగా నిలబడి మీ వైపు నుంచి చూస్తారు. నేను ఎదుటివాళ్ళ ఒంట్లోకి దూరి చూస్తాను. ఇన్నేళ్ళ కాపురంలో ఈ తేడా ఇప్పుడు దొరికింది. బ్యాండాయన్ని చెయ్యెత్తి నిలబెట్టి అలాగే వదిలేసి కారు దగ్గరికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన చెయ్యి మార్చుకుని నిలబడున్నారు, పాపం.

తర్వాతదంతా నేనే చేశాను. మనుషుల్ని పిలవకూడదన్నారు గానీ ఆయిల్ కొట్టులో ప్రశ్నలు అడగకూడదని అనలేదు. ఇంజిన్‌ది మొత్తం దించేశాను. ఈసారి నల్లగా బుడబుడమని దిగింది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఫిల్టరు కూడా మార్చి కొత్తది పోశాను. గేర్‌బాక్సు పక్కగా, ఆయిల్ నింపడానికే ఉండే ఇంకో బోల్టు విప్పి, సన్నగొట్టంతో గేర్ ఆయిల్ బయటికి కారేదాకా నింపాను. పుల్ల తీస్తే రెండు గీతల మధ్య పద్ధతిగా కూర్చుంది. మన సందు చుట్టూ తిప్పి చూశాను, కిక్కురుమనలేదు.

అప్పుడొచ్చింది మీ ఉత్తరం. దాని వెనకే బావగారు, తాళం కోసం చెయ్యి చాచుకుని. ఓపిక పడదాం అన్న మాట దగ్గర ఏడుపొచ్చిందండీ, దాచడం దేనికి. నా మీద కోపం వచ్చుంటే బాగుండేది. మీరేమో తిట్టకుండా జాలిపడ్డారు.

బావగారికి తాళం ఇవ్వలేదు. ఒక్క రౌండు తిప్పుతాను, కూర్చోండి అన్నాను. ఆయన తలుపు పైన పిడి పట్టుకునే కూర్చున్నారు. సంత దాటి వంతెన ఎక్కి వెనక్కొచ్చాం. దిగి మళ్ళీ బానెట్ ఎత్తి చూశారు. చివరికి, "గేర్లు ఇంత మెత్తగా ఎప్పుడు పడ్డాయమ్మా దీనికి? మావాడి చేతిలో ఎప్పుడూ గరగరమనేదే" అన్నారు. అవును మరి, ఆ ఆయిల్ మీరు కొన్నప్పటినుంచీ మార్చలేదు. నా పొరపాటు వల్లే మారింది. బావగారే టైర్లలో గాలి చూసి, తాగడానికి నీళ్ళ సీసా చేతికిచ్చి పంపారు.

వచ్చాను. ఘాట్ రోడ్డు మలుపులో ఒకసారి బండి వెనక్కి జారింది, మళ్ళీ ఎక్కింది. ఇంకెక్కడా ఆగలేదు. మీ గేటు దగ్గర వాచ్‌మన్‌ని గది ఎటు అంటే కుడివైపు రెండోది అన్నాడు. ఎవరి కుడి అని అడిగాను. నన్ను ఎగాదిగా చూశాడు. అందుకే ముందుకెళ్ళకుండా ఈ కాగితం రాసి అతని చేతికి ఇస్తున్నాను. లోపలికి దారి మీరే చూపించాలి.

డ్యూటీ దిగాక రండి, నాకు తొందరేం లేదు. పక్క సీటు ఖాళీగా ఉంది. అది కుడో ఎడమో మీరే వచ్చి చెప్పండి.

మీ కత్తెర