పడమటి గోడలో తలుపు

బుఖారా పట్టణం, రంగరేజుల వీధి కాపురస్తురాలిని, దివంగత హిక్మత్ భార్యను, డెబ్బైతొమ్మిదేళ్ళ ముఖర్రమా అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాయించిన వీలునామా ఇది. నా తెలివి సరిగ్గానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. కోడలు దిలోరోమ్‌కు అనుమానముంటే అది టీ డబ్బా వెనకాల ఉంది, చూసుకోవచ్చు.

1. మా నాన్న నుంచి నాకు సంక్రమించిన ఇల్లు నా తదనంతరం కొడుకు షౌకత్‌కు, కూతురు మంజూరాకు చెరిసగం, సర్వహక్కులతో చెందాలి. వాకిట్లోని మల్బరీ చెట్టును షౌకత్ కారు కోసం కొట్టేయకూడదు. పళ్ళు రాలి మరకలు పడితే కడుక్కోవాలి.

2. పలావు బాణలి దిలోరోమ్‌కు. ఇన్నేళ్ళుగా నా వంటకు వంకలు పెడుతూనే మారు వడ్డించుకున్న మనిషికి అది దక్కడం న్యాయం. నా పట్టు బొంత మంజూరాకు. చిన్నప్పుడు జ్వరం వస్తే అది కప్పితేగాని నిద్రపోయేది కాదు.

3. ఇంటి దస్తావేజు. దీని సంగతి కాస్త వివరంగా రాయించాలి.

మా పెద్దలు అమీరు కొలువులో గొప్ప ఉద్యోగులని మా నాన్న చెప్పేవాడు. పేర్లు అడిగితే మాత్రం ఆయనకు దగ్గు వచ్చేది. పోయినేడు మనవరాలు సబో, మా తాతను కన్నతల్లి పేరేమిటని అడిగింది. నాకు తెలియలేదు. చచ్చేలోగా ఆ పేరు తెలుసుకోవాలని పంతం పట్టాను.

ఈ ఇల్లు మా తాతకు ఆయన తల్లి నుంచే వచ్చిందని విన్నాను గనుక, పాత లిపి చదవగల ఫరోగత్ అనే అమ్మాయికి దస్తావేజు చూపించాను. దానికి పైభాగం లేదు. అమీరు పోయాక కొత్త సర్కారు ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నవాళ్ళను పట్టుకుపోయే రోజుల్లో మా తాత భయపడి, యజమాని పేరూ ఖాజీ ముద్రా ఉన్న ముక్కను కత్తిరించి పొయ్యిలో వేశాడట. హద్దులతో ఎవరికీ ముప్పు రాదని వాటిని మిగిల్చాడు. ఉత్తరం వీధి, తూర్పు మసీదు, దక్షిణం కాలువ, పడమర గాడిదల వైద్యుడు సాలెహ్ ఇల్లు.

ఆ సాలెహ్ మునిమనవడే పక్కింటి నుస్రత్. తమది పండితుల వంశమని చెప్పుకుంటాడు. మధ్య గోడ ఎవరిదన్న తగవుతో మా రెండిళ్ళకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. మా పేరు ఎక్కడైనా ఉంటే అతని దస్తావేజు హద్దుల్లోనే ఉండాలి. అభిమానం చంపుకుని తలుపు తట్టాను. అతని కాగితానికీ పైభాగం లేదు. రెండిళ్ళలోనూ అదే భయం, అదే కత్తెర. ఫరోగత్ అతని తూర్పు హద్దు చదివింది. పెళ్ళిళ్ళలో పాడే నిగోర్ ఇల్లు, నడుమ గోడ ఇద్దరిదీ, అందులోని తలుపు ఇద్దరిదీ.

“ఇన్నేళ్ళూ మీ అవ్వ మా పెట్టెలోనే ఉంది కదమ్మా. ముందే వచ్చి అడిగితే నీ నోరేమన్నా అరిగిపోయేదా?” అన్నాడు నుస్రత్. గాడిదల వైద్యుడి సంగతి చెప్పి, కాస్త నా మోకాలు కూడా చూడమన్నాను. టీ ఒలికేలా నవ్వాడు. ఆనాటి సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. హిక్మత్, ఏమీ అనుకోకు.

4. అటక మీద మనం జల్లెడ చట్రం అనుకున్నది నిగోర్ డప్పు. జల్లెడకు లోపల ఇనుప రింగులెందుకని మనలో ఒక్కరికీ తోచలేదు. దానికి కొత్త తోలు వేయించాను. అది సబోకు. ఇకమీదట అన్నం కంచాలు వాయించనక్కరలేదు.

5. మా దస్తావేజు నుస్రత్ ఇంటికి చెందాలి, అందులో ఉన్నది వాళ్ళ పెద్దాయన గనుక. అతనిది మన ఇంటికి వస్తుంది, ఆ మేరకు అతనూ రాయించాడు. షరతు ఒక్కటే. గోడలో పూడ్చేసిన తలుపును, నేను పోయాక నా పేరున నలుగురికీ పలావు పెట్టేలోగా తెరవాలి. ఆ రోజు బాణలి మన వాకిట్లో, బంతి వాళ్ళ వాకిట్లో. తలుపుకు గొళ్ళెం వద్దు.

2019 ఏప్రిల్ 14, బుఖారా.

సంతకం: ముఖర్రమా, పాటగత్తె నిగోర్ మునిమనవరాలు.

సాక్షులు:
ఫరోగత్, పాత లిపి చదివిన మనిషి.
నుస్రత్, గాడిదల వైద్యుడు సాలెహ్ మునిమనవడు.