కాపలా సిపాయి మెడ

మంగళవారం, రాత్రి

యుద్ధం ఆటలో వాడే పాతకాలపు సిపాయి బొమ్మలు, బొటనవేలంత సైజులో త్రీడీ ప్రింట్ అయ్యేవి, కంప్యూటర్లో ఇంకొన్ని చెక్కి పూర్తిచేశాను. తుపాకీతో కాపలా ఉన్నవాడి భంగిమ ఎంతకీ కుదరలేదు. పొద్దున బాపు మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మీద రాత్రి డ్యూటీ దిగి రాగానే చేతికి కర్ర ఇచ్చి ఫోటోలు తీశాను.

"ఎట్ల నిలవడాలె బిడ్డా?"

"జర నిటారుగ నిలవడు బాపూ."

వినపడలేదు. మెడ వంచి ఎడమ చెవి నా వైపు తిప్పాడు. మళ్లీ చెప్పాను. మెడ అలాగే వంచి నిలబడ్డాడు.

"సాంచాల చప్పుడు ఇంక చెవులనే ఉన్నది," అన్నాడు. మొన్న ఆదివారం సాంచాలు బంద్ ఉన్నప్పుడూ ఇదే మాట.

ఆ వంగిన మెడతోనే సిపాయిని చేసి పంపాను. ఆర్డరిచ్చినాయన సాయంత్రం ఫోన్ చేశాడు. "అన్నీ బాగున్నాయమ్మా. ఆ కాపలావాడి మెడ ఒక్కటి సరిచెయ్యండి."

నిమిషంలో సరిచేశాను. ఇప్పుడు ఆ సిపాయి బాపులా లేడు. ఆర్డరిచ్చినాయనకు నచ్చిందట. నాకేమీ అనిపించలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి పోదామని బాపుతో అనాలి. మెల్లగా అంటే ఆయనకు వినపడదు. గట్టిగా అంటే వాడకట్టంతా వింటుంది, ఆయనకు పని ఇచ్చే ఆసామితో సహా.