నీళ్లకు రెండు వేళ్ల పైన

అక్టోబరు 18, 2024, శుక్రవారం

ఇవాళ్టి పనులు: డెక్కు కడగడం 1, గదులు తుడవడం 2, బట్టలు 11, గిన్నెలు 9, కిటికీ అద్దాలు 6. మిగిలినవి: సున్నా!

ఉదయం 9కి ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాటు తాళాలు ఇచ్చేశాం. 11కి బోటెక్కాం. మా వారు ఆదిశేషు గారు ఇరవై తొమ్మిదేళ్లు జెబెల్ అలీలో గోడౌన్ స్టాకు చూసి, మొన్న సెప్టెంబరులో రిటైరయ్యారు. జీతం లేకుండా దుబాయ్ అద్దెలు కట్టలేం. దుబాయ్ వదిలి నేను ఉండలేను. ఈ రెంటికీ మధ్య దొరికింది జదాఫ్ దగ్గర కాలవలో కట్టి ఉన్న ఈ చెక్క బోటు. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింట్లో నేను నిలబడితే గరిటె బయట నిలబడాలి.

బోటు లాల్ అహ్మద్‌ది. నెల్లూరు మనిషి, ఈయనతో కలిసి పని చేసినవాడు. కూతురి పెళ్లికి ఊరు వెళ్తూ తాళాలు మా చేతిలో పెట్టాడు. జనవరి నెలాఖరుకు వస్తాడు. అద్దె లేదు, షరతు ఒక్కటే. బోటు బయటి చెక్క మీద, నీళ్లకు రెండు వేళ్ల పైన, ఒక ఎర్ర గీత ఉంది.

"వదినా, పాత చెక్క ఇది. ఆ గీత మునిగేంత బరువు మాత్రం పెట్టబాకండి. నేను వచ్చేతలికి గీత కనపడిందా, ఇంకో రెండేళ్లు హాయిగా ఉండండి. మునిగిందా, ఖలాస్. తాళాలు ఇచ్చేయండి."

గీత మునిగితే దుబాయ్ అయిపోయినట్టే.

అందుకే నా తీర్మానం: బోటులో మొత్తం 60 వస్తువులు. ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటికి. అన్నిటికీ నంబర్లు వేసి పుస్తకంలో ఎక్కించాను. బయటికి వెళ్లేవి మా పాత పక్కింటి కుబ్రా బేగం బాల్కనీకి. ఇంత తేలిగ్గా బతకొచ్చని తెలిస్తే ఇరవై ఏళ్ల కిందటే బోటెక్కేదాన్ని!

అక్టోబరు 20, ఆదివారం

వస్తువులు: 60. గీత: రెండు వేళ్లు. చెమట: రెండు బిందెలు. ఏసీ మూడుసార్లు ఆగింది.

వాస్తు చూశాను. బోటు ముక్కు ఉత్తరానికి ఉంది. కాబట్టి వెనక ఎడమ మూల నైరుతి. బరువంతా అక్కడే ఉండాలి. ముందు కుడి మూల ఈశాన్యం, అది ఖాళీగా ఉండాలి. బీరువా, బియ్యం డబ్బా, తాగే నీళ్ల క్యాన్లు అన్నీ నైరుతికి జరిపాను.

ఈయన వచ్చి చూసి తల గోక్కున్నారు.

"మాణిక్యం, ఇది ఇల్లు కాదే, పడవ. బరువు మధ్యలో ఉండాలి."

"ఇన్నేళ్లూ నైరుతిలో బరువు పెట్టబట్టే ఇంతవాళ్లమయ్యాం."

"ఎంతవాళ్లమయ్యాం? అద్దె కట్టలేక నీళ్ల మీదికొచ్చాం."

సాయంత్రం చపాతీల కర్ర బల్ల మీద నుంచి తనంతట తానే దొర్లుకుంటూ నైరుతి మూలకు చేరింది. శుభసూచకం.

అక్టోబరు 27, ఆదివారం

లోపలికి: వెట్ గ్రైండరు 1. బయటికి: గొడుగు 1. మొత్తం 60. ఒకటికి ఒకటి, లెక్క సరి!

"గొడుగూ గ్రైండరూ ఒకటేనా?" అన్నారు ఈయన.

తీర్మానంలో బరువు గురించి రాయలేదు. వస్తువుల గురించే రాశాను. స్టాకు చూసిన మనిషికి ఇంత చిన్న విషయం తెలియకపోతే ఎలా?

ఒక్క ఇబ్బంది. మంచం ఎడమకు వాలుతోంది. పొద్దున లేచేసరికి ఈయన నా మీద ఉంటున్నారు. అరవై ఒకటో ఏట ఇదేం బాగుంటుంది?

నవంబరు 3, ఆదివారం

గాలి మారింది! ఏసీ అక్కర్లేదు. డెక్కు మీద కాఫీ. కొంగలు 7.

ఈయన ఉదయం 6కి వాకింగు మొదలుపెట్టారు. చేతిలో బట్ట సంచి.

"వాకింగుకి సంచి ఎందుకండీ?"

"దారిలో కూరగాయలు కనిపిస్తే..."

కనిపించలేదట. అయినా మంచి అలవాటు. పుస్తకంలో ఆయనకొక పేజీ కేటాయించాను.

లోపలికి: కుట్టు మిషను 1. బయటికి: దువ్వెన 1.

నవంబరు 16, శనివారం

ఉదయం 10:30కి కుబ్రా బేగం టాక్సీలో దిగింది. టాక్సీ డిక్కీ తెరిచి ఉంది. నేను పంపిన సామానంతా అందులోనే ఉంది, గొడుగుతో సహా.

"ఏంది బాజీ, బోటుల నువ్వు సాఫ్‌గ ఉండుడు, నా బాల్కనీ కబాడీ దుకాణం అవుడు! బట్టలు ఆరేద్దామంటే జాగా లేదు. నీ సామాన్ నువ్వే పెట్టుకో."

"కుబ్రా, నా తీర్మానం..."

"నీ తీర్మానం నీతోనే ఉంచుకో. అది బరువుండదు కదా."

టీ తాగి, ఐదు బిస్కెట్లు తిని వెళ్లింది. సామాను మిగిలింది.

రూల్సు కొంచెం సవరించాను:
1. పచ్చడి జాడీలు ఐదూ కలిసి ఒక సెట్టు. సెట్టు అంటే ఒక వస్తువు.
2. బియ్యం వస్తువు కాదు. తినేది.
3. నీళ్ల క్యాన్లు వస్తువులు కావు. బోటు ఉన్నదే నీళ్లలో.
4. వేరొకరు తెచ్చి పడేసినవి నా లెక్కలోకి రావు.

సవరణల తరువాత మొత్తం: 58. ఇంకా రెండు కొనుక్కోవచ్చు!

మంచం వాలడం లేదు. బోటు ఇప్పుడు తిన్నగా ఉంది. వాస్తు అలవాటవడానికి బోటుకైనా కొంత టైము పడుతుంది. ఈయనకు చూపించి, "ఇప్పుడేమంటారు?" అన్నాను. ఆయన చేతులు కడుక్కుంటున్నారు. ఈ మధ్య చాలాసేపు కడుక్కుంటున్నారు.

డిసెంబరు 1, ఆదివారం

వస్తువులు: 60. గీత: ఒక వేలు.

రెండు వేళ్లు ఉండాలి కదా? మళ్లీ కొలిచాను. ఒక వేలే. బహుశా పోటు సమయమేమో. ఇక్కడి జాతీయ దినోత్సవం వస్తోంది, కాలవలో పడవలు ఎక్కువయ్యాయి. అన్ని పడవలు దిగితే నీళ్లు పైకి రావా?

ఈయన వాకింగు 29వ రోజు. ఒక్క రోజూ మానలేదు. కూరగాయలు మాత్రం ఇంతవరకూ కనిపించలేదు.

డిసెంబరు 14, శనివారం

గీత: అర వేలు. అది కూడా నా చిటికెన వేలు.

పుస్తకంలో లెక్కంతా మొదటి నుంచీ కూడాను. సెట్లు విడదీసి, బియ్యం కలిపి, నిజాయితీగా, ఎవరూ చూడకుండా కూడాను. అంతా కలిపినా ఇంత దిగకూడదు. నా లెక్కలో లేని బరువేదో బోటులో ఉంది.

ఈయన వైపు చూశాను. ఈయన కొంగల వైపు చూశారు.

"మీరు లావయ్యారా?"

"రోజూ నడుస్తున్నాను కదే!"

నిజమే. భుజాలు కూడా గట్టిపడ్డాయి. నడిస్తే భుజాలు ఎందుకు గట్టిపడతాయో రేపు ఆలోచించాలి. ఇవాళ అరిసెల పిండి కొట్టాలి.

డిసెంబరు 21, శనివారం

ఘోరం! వరసగా రాస్తాను.

8:00. జెట్టీ వాళ్లు కరెంటు తీగ రెండో వైపుకి మార్చారు. బోట్లన్నీ తిప్పి కట్టమన్నారు. మాదీ తిప్పారు. ఉత్తరాన ఉన్న ముక్కు దక్షిణానికి వచ్చింది.

8:20. నా గుండె ఆగింది. నిన్నటి నైరుతి మూల ఇవాళ ఈశాన్యం! నా బరువంతా ఈశాన్యంలో!

8:30. ఈయన షేవింగుకు వెళ్లారు. నేను నడుం బిగించాను. బీరువా, మిషను, గ్రైండరు, జాడీలు, క్యాన్లు, అన్నీ ఒక్కదాన్నే కొత్త నైరుతికి, అంటే ముందు కుడి మూలకు లాగాను.

9:10. ఆఖరి క్యాను పెట్టాను. బోటు "కుయ్" అంది. కుడికి వంగింది. గిన్నెలు 14 జారాయి. ఈయన సగం గడ్డంతో జారుకుంటూ వచ్చారు.

"అక్కడ పెట్టకే! అక్కడ పెట్టకే!"

"ఏం? అక్కడేముంది?"

నేల పలక పటుక్కుమని విరిగింది. కింద చూశాను. ఇటుకలు. ఫుట్‌పాత్ మీద పరిచే ఇంటర్‌లాక్ ఇటుకలు, గోడౌన్లో పేర్చినట్టు వరసకు పన్నెండు, ఎనిమిది వరసలు. 96.

"ఏంటండీ ఇది?"

"నువ్వు ఎడమ వెనక పెడుతున్నావు. బోటు ఒరుగుతోంది. చెప్తే వినవు. అందుకని కుడి ముందు నేను... రోజుకు రెండు..."

నిన్నటిదాకా నలభై ఎనిమిది రోజుల వాకింగు. నేను ఒకవైపు బరువు పెంచుతుంటే, గొడవ ఎందుకని ఈయన రెండో వైపు పెంచారు. బోటు తిన్నగానే ఉంది. తిన్నగా మునుగుతోంది.

అన్నిటికంటే బాధ కలిగించింది: నిన్నటిదాకా ఆ మూల ఈశాన్యం. ఈశాన్యంలో 96 ఇటుకలు!

డిసెంబరు 22, ఆదివారం

మాటల్లేవు. ముందు ఇటుకలు తీయాలని నేను. ముందు గ్రైండరు తీయాలని ఆయన.

గీత: కనిపించలేదు.

డిసెంబరు 26, గురువారం

పక్కన ఫుట్‌పాత్ పని దగ్గర వాచ్‌మన్ ఇనాయతుల్లా జెట్టీ మీదికొచ్చి నిలబడ్డాడు. కడప మనిషి.

"ఏం సార్, నాలుగు దినాల్లో ఇస్తానని తీసుకుంటివి. మా ముదీర్ లెక్క అడుగుతాండాడు. తొంభై ఆరు ఇటికెలు నేనేం తినేసినానని చెప్పాల్నా?"

ఈయన కాళ్ల వేళ్ల వైపు చూసుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్లు ఒక్క అట్టపెట్టె కూడా లెక్క తప్పని మనిషి, ఇటుకలు చేబదులు తెచ్చుకున్నారు!

ముదీరంటే వాళ్ల మేనేజరు. ఇస్తామని నేనే చెప్పాను. తీర్మానం పేజీ చించలేదు కానీ మడతపెట్టాను. మూడు అరిసెలు తిన్నాను. తిన్నంత మేర బోటులో బరువు తగ్గదని తిన్నాక తట్టింది.

జనవరి 3, 2025, శుక్రవారం

4:15. లాల్ అహ్మద్ ఫోను. "వదినా, పెళ్లి బ్రహ్మాండంగా అయింది. నెలాఖరు దాకా ఏం కూర్చుంటాంలే. ఆదివారం పొద్దున దిగతా ఉండా. నేరుగా బోటు కాడికే."

ఆదివారం! ఎల్లుండి!

4:20. మాటలు మొదలయ్యాయి.

"ఏవండీ, మనం ఎక్కడికి పోతాం?"

"ఎక్కడికీ పోం. యల్లా, పుస్తకం తియ్యి. నేను గోడౌన్లు ఖాళీ చేయించినవాణ్ని."

ఇన్నేళ్ల కాపురంలో నా పుస్తకం ఆయన అడగడం ఇదే మొదలు.

జనవరి 5, ఆదివారం

5:30. పొగమంచు. పక్క బోటు కనబడటం లేదు. కొంగలు లేవు.

ఆయన దించడం, నేను టిక్కు పెట్టడం. వస్తువులు అరవై అనుకున్నాను. జెట్టీ మీదికి చేరినవి 143. ఇటుకలు వేరే. పన్నెండు క్యాన్ల నీళ్లు కాలవలో పోశాను. ఆయాసంతో ఒకరి భుజం ఒకరు పట్టుకుని వంగి చూశాం. గీత! నీళ్లకు రెండు వేళ్ల పైన, ఎర్రగా, కొత్త పెళ్లికూతురి బొట్టులాగా!

8:10. మంచులోంచి లాల్ అహ్మద్. భుజాన పెద్ద మూట, చేతిలో సంచి. జెట్టీ మీద సామాను చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది? ఎల్లిపోతా ఉండారా?"

ఈయన నోరు తెరిచారు. నిజం బయటికి వచ్చే నోరు అది, నాకు తెలుసు. కాలు తొక్కాను.

"లేదు లాల్ అహ్మద్. బోటు కడుగుతున్నాం. సామానంతా దించితే గానీ మూలలు శుభ్రం కావు."

"అబ్బ! నేనే ఏనాడూ ఇట్ట కడగలా." వంగి గీత చూశాడు. చేత్తో తడిమాడు. "రెండు వేళ్లు. వదినా, మాట మాటే. రెండేళ్లు మీదే బోటు. నెలకోసారి వచ్చి గీత మాత్రం చూస్తా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే మూట విప్పాడు.

"నీ కోసమే వదినా. విమానంలో బరువెక్కువని గొడవ పడి తెచ్చా."

రాతి రోలు. సంచిలో మొలకొలుకుల బియ్యం పన్నెండు కిలోలు.

ఈయన నా వైపు చూశారు. ఏమీ అనలేదు. అనకపోవడం ఎంత బరువో ఇవాళ తెలిసింది.

జనవరి 6, సోమవారం

పనులు: జెట్టీ ఊడవడం 1, నేల పలక బాగు చేయించడం 1, కుబ్రా బేగాన్ని బతిమాలడం 4 సార్లు. నాలుగోసారి ఒప్పుకుంది. గొడుగు మాత్రం వద్దంది.

కొత్త తీర్మానం: 40 వస్తువులు. ఒకటి వస్తే ఒకటి బయటికి, బరువుకు బరువు. సెట్లు లేవు. సవరణలు లేవు. పుస్తకంలో ఈయన సంతకం కూడా.

రోలు 40వది. బోటుకు సరిగ్గా మధ్యలో పెట్టాం, ఆయన చెప్పినట్టే. మధ్యభాగం ఖాళీగా ఉండాలంటుంది వాస్తు. పచ్చడి నూరనప్పుడు రోలు ఖాళీగానే ఉంటుంది కదా.

రోలు కదలకుండా కింద రెండు ఇటుకలు వేశాం. కాబట్టి ఇనాయతుల్లాకు అప్పజెప్పినవి 94. రెండు తక్కువ. ఇటుక మూడు కిలోలు. నెల్లూరు బియ్యం ఆరు కిలోలు తూచి ఇచ్చాను. "మా ముదీర్‌కు బియ్యమని చెప్పను, ఇటికెలు పగిలినాయని చెప్తాలే" అన్నాడు.

బాకీ చెల్లు.