హాజరులో నీ పేరు

నాయనా,

మన ఎరుకలవాళ్లు పుట్టుకతోనే దొంగలన్న చట్టం ఎప్పుడో పోయిందట. కర్నూలు రాజధాని అయ్యాక గానీ ఆ సంగతి మన ఠాణా దాకా రాలేదు. నిన్న జమేదారు రిజిస్టరు మూసేసి, "రేపట్నుంచి సాయంత్రం హాజరుకు రావాల్సిన పన్లేదు, పోండప్పా" అన్నాడు.

నువ్వు పోయి రెండేళ్లయినా అందులో నీ పేరు కొట్టేయలేదు. రోజూ పిలిచేవాడు. "సచ్చిపోయినాడు సామీ" అని రోజూ చెప్పేదాన్ని.

ఇవాళ పొద్దుగూకగానే, అలవాటు కొద్దీ అందరం లేచి గుడిసె ముందు వరుసగా నిలబడ్డాం. పిలిచేవాళ్లు లేరు.

"ఇంగ మీ నాయన పేరు ఎవురు పిలుస్తారే?" అంది అమ్మ.

మొగుడి పేరు ఏనాడూ నోట పలకని మనిషి, ఠాణా వైపు తిరిగి నీ పేరు గట్టిగా పిలిచింది.

"ఉండాడు సామీ" అన్నాను.