గోడతో మాట్లాడిన మేస్త్రి

మైలవరం,
మార్చి 1996

పటమటలోని ఇష్తియాక్ పెయింటింగ్ వర్క్స్ వారికి అంకమ్మరావు నమస్కారాలు.

నేను మైలవరంలో చేనేత బట్టల కొట్టు నడుపుతున్నాను. మా ఇంటికి రంగులు వేయించాలి. వేయించాలి అనడం కంటే సగం వేసినదాన్ని పూర్తి చేయించాలి అనడం నిజం. పోయిన నెల ఒకాయన వచ్చాడు. నేను నిచ్చెన కింద నిలబడి "లప్పం పలచనయిందేమో", "ఆ మూల వదిలేశావేమో" అంటూ ఉంటే హాలు సగందాకా భరించాడు. తర్వాత టీ తాగొస్తానని వెళ్ళాడు. ఇంకా తాగుతూనే ఉన్నాడు. అతనికి ముందు వచ్చినవాళ్ళయితే నా సలహాలదాకా కూడా రాలేదు, ప్రశ్నలకే వెళ్ళిపోయారు.

"గోడలన్నీ ఒక రంగయ్యాక కబురు పెట్టండి" అని మా ఆవిడ వెంకటరావమ్మ మీ పటమటలోనే ఉన్న వాళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. నేనే వండుకుంటున్నాను. వండుకుంటున్నాను అన్నది కూడా గౌరవం కోసం రాసిన మాట.

నాకు నమ్మకమైన మనిషి కావాలి. మీరు పని చేసిన ఇల్లు ఒకటి చెబితే చూసుకుని నిర్ణయిస్తాను. హాలుకి గంధం రంగు, అంచు మెరూను, కొంగు వైపు కొంచెం ముదురు.

ఇట్లు,
అంకమ్మరావు

తా.క. నేను వస్తున్నట్టు ఆ ఇంటివాళ్ళకి చెప్పకండి. గోడలు జాగ్రత్తపడతాయి.

*

పటమట

అంకమ్మరావు గారికి ఇష్తియాక్ సలాములు.

ఉత్తరం అందిందండి. "ఎప్పుడొస్తావు" అని అందరూ అడుగుతారు. "నువ్వెలాంటివాడివి" అని అడిగింది మా మామగారి తర్వాత మీరే. ఆయన అడిగి కూడా పిల్లనిచ్చారు కాబట్టి ధైర్యంగా జవాబు రాస్తున్నాను.

మా పేటలో చర్చి పక్క సందులో లేత నీలం ఇల్లు ఉంది. ఎలిజబెత్ టీచరు గారిది. ముందు గదులూ వీధి గోడా పోయినేడు మేమే వేశాం. చూసుకోండి. గంధం రంగు తెలిసింది, అంచు కూడా తెలిసింది. గోడకి కొంగు ఏ వైపు ఉంటుందో మాత్రం చెప్పాలి.

విధేయుడు,
ఇష్తియాక్

తా.క. వాళ్ళ కుక్క కరవదు. టీచరు గారు మాత్రం ప్రశ్నలు వేస్తారు.

*

మైలవరం

ఇష్తియాక్ గారికి, సిగ్గుతో అంకమ్మరావు రాస్తున్నాను.

నిన్న వెళ్ళాను. వీధిలో ఎవరూ లేరు కదా అని గోడని గోటితో గీకాను. వేలు తడిచేసి రుద్దాను. పట్టుచీరని పరీక్షించే చెయ్యి కదా, ఊరుకోదు. చివరికి గుల్లగా ఉందేమోనని తట్టి, చెవి ఆనించి విన్నాను.

"ఏం చెబుతోందండీ మా గోడ?" అని వెనకనుంచి వినపడింది.

టీచరు గారు! అనుమానంతో వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. "పెయింటింగు పని మీద వచ్చానండి" అన్నాను.

"ఇష్తియాక్ పంపిన మేస్త్రివా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా ఆయనకి!" అంటూ లోపలికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చారు. ఇంట్లో నా చేతి కాఫీ తాగి ఉన్నానేమో, ఆ కాఫీకి లొంగిపోయాను. చెమ్మెక్కిన వంటింటి గోడ చూపించి "బాగవుతుందా?" అంటే, కొట్లో అలవాటుకొద్దీ "మీకు నచ్చేలా చేయిద్దామండి" అన్నాను. ఎప్పుడంటే ఆదివారం అన్నాను. ఆదివారం అని ఎందుకన్నానో నాకే తెలియదు.

నన్ను గట్టెక్కించండి.

ఇట్లు,
మేస్త్రి కాని అంకమ్మరావు

తా.క. పొద్దున్నే వచ్చి మొదలుపెట్టమని ఆవిడ వంటింటి తాళంచెవి ఇచ్చారు. అది నా జేబులోనే మైలవరం వచ్చేసింది.

*

పటమట

అంకమ్మరావు గారికి ఇష్తియాక్ మరీ మరీ సలాములు.

తప్పు మీది కాదండి. ఆ వంటింటికి ఆదివారం వస్తానని నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ ఆదివారం ఇంకా రాలేదు. పటమటలో ఆవిడ కంటపడకుండా నేనే సందుల్లోకి తప్పుకుంటూ తిరుగుతున్నాను.

నిన్న దొరికిపోయాను. "నీకన్నా నీ మేస్త్రి నయం. గోడని డాక్టరు చూసినట్టు చూశాడు. ఆయనొస్తేనే తలుపు తీస్తాను" అన్నారు టీచరు గారు. పైగా తాళంచెవి మీ దగ్గరే ఉందాయె.

ఒక్కసారి దయచేయండి. పని మావాళ్ళు చేస్తారు. మీరు ఊరికే నిలబడి తలూపండి చాలు. అది అవగానే మీ ఇంటి పని మొదలుపెడతాను.

విధేయుడు,
ఇష్తియాక్

తా.క. ఇస్త్రీ పంచె కట్టుకుని రాకండి. మేస్త్రి అంటే ఎవరూ నమ్మరు.

*

మైలవరం

ఇష్తియాక్ గారికి అంకమ్మరావు నమస్కరించి రాయునది.

వెళ్ళానండి. ఊరికే నిలబడమన్నారు. అది చేతనైతే మా ఆవిడ ఇంట్లోనే ఉండేది కదా! మీ పుల్లయ్య లప్పం పెడుతుంటే సలహా ఇచ్చాను. అతను బ్రష్షు నా చేతికిచ్చి "మీరే కానివ్వండి బాబాయి గారూ" అని కూర్చున్నాడు.

నిచ్చెనెక్కాను. మొదటి గంట నాకూ నేలకీ మాత్రమే రంగు పడింది. తర్వాత గోడకి కూడా పడటం మొదలైంది. అంతలో పక్కింటి రామకోటేశ్వరరావు గారు వచ్చి, నిచ్చెన కింద చేతులు కట్టుకు నిలబడి "ఆ మూల వదిలేశారేమో" అన్నారు.

ఇష్తియాక్ గారూ, అప్పుడు నాకు టీ తాగాలనిపించింది. చాలా దూరం వెళ్ళి తాగాలనిపించింది.

వెళ్ళలేదు. సాయంత్రానికి గోడ పూర్తయింది. టీచరు గారు లైటు వేసి చూసి "బాగుందయ్యా" అన్నారు. నలభై ఏళ్ళుగా బట్టలమ్ముతున్నాను, ఆ మాట ఇంత బాగుంటుందని తెలియదు. తాళంచెవి ఇచ్చేసి బస్సెక్కాను. జుట్టుకంటిన రంగు చూసి కండక్టరు మర్యాదగా పక్క సీటు ఖాళీగా ఉంచాడు.

మరి మా ఇంటికి ఎప్పుడొస్తారు?

ఇట్లు,
అంకమ్మరావు

తా.క. రామకోటేశ్వరరావు గారు వాళ్ళ వరండాకి నన్ను రమ్మన్నారు. అయితే ముందు నేను పని చేసిన ఇల్లు ఇంకొకటి చూపించాలట. మనిషి ఒట్టి అనుమానపు పీనుగ.

*

పటమట

అంకమ్మరావు మేస్త్రి గారికి ఇష్తియాక్ సలాములు.

సోమవారం మైలవరం పని మొదలవుతుందండి. కానీ ఒక చిక్కొచ్చింది.

టీచరు గారి వంటిల్లు చూడ్డానికి ఆ వీధి ఆడవాళ్ళందరూ వస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ నిన్న మా కొట్టుకొచ్చారు. మైలవరంలో వాళ్ళిల్లు సగం రంగుతో ఉందట. "మా ఆయన్ని నమ్ముకుంటే ఈ జన్మకి కాదు. టీచరు గారి వంటింటికి వేసిన మేస్త్రినే పంపండి" అన్నారు. "ఆయన పేరు అంకమ్మరావండి" అన్నాను. "మా ఆయన పేరూ అదే. మా ఆయన మేకు కూడా కొట్టలేడు. ఈయన వేరే అయి ఉంటారు" అని ఖాయం చేసుకున్నారు.

సరేనన్నాను. అంచేత సోమవారం మీరు మీ ఇంటికి పనిలోకి వెళ్ళాలి. పుల్లయ్య వస్తాడు. ఆవిడ ఆదివారమే ఇంటికి చేరతారట.

విధేయుడు,
ఇష్తియాక్

తా.క. కొట్టు మెట్లు దిగుతూ ఆగి, ఇంకో మాట చెప్పారండి: "మేస్త్రి గారికి భోజనం మా ఇంట్లోనే. ఆయనకి బీపీ కదా, ఉప్పు తగ్గించి వండుతానని చెప్పండి."