తడవకూడని రాయి

తీర రక్షణ కార్యాలయంలో ఈ కాగితం ఎవరి బల్ల మీద పడితే వారికి,

అయ్యా, నమస్కారాలు. నేను పడవలు చేసే వడ్రంగిని. ఈ మధ్య చేయడం తక్కువ, అతుకులు వేయడం ఎక్కువ. మా ఇల్లు కట్టినప్పుడు అది నాలుగో వరస. అంగుళం కదపకుండానే ఇప్పుడు మొదటి వరసకి వచ్చేశాం. ముందున్న మూడు వరసలూ, అంటే ఇరవై ఏడు ఇళ్ళూ, పదకొండేళ్ళలో సముద్రంలో కలిసిపోయాయి. మిగిలింది మా తొమ్మిది.

మొన్న మీ జీపు మైకు కట్టుకుని వచ్చింది. సముద్రం ముందుకొచ్చి ఇళ్ళు పోయేవాళ్ళకి వెనకాల దిబ్బ మీద స్థలాలిస్తామంది. మైకులో పాట బాగా వినబడింది, మాటలు సగమే వినబడ్డాయి. ఆ సగానికే మా అక్క మూట కట్టేసి దాని మీద కూర్చుంది. పోయిన వారం మా వంటగది సముద్రంలో పడిపోయింది. అక్కకి డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళు వంగవు. రేపు నీళ్ళు ఇంట్లోకి దూకితే ఆవిడ పరిగెత్తలేదు. నాకున్న భయం అదొక్కటే. దిబ్బ చుట్టూ ముళ్ళకంచె వేసి కాపలా పెట్టారు కాబట్టి ఊరికే ఎక్కి కూర్చుందామన్నా కుదరదు. త్వరగా చూడండి.

ఇట్లు,
పడవల వడ్రంగి, నాలుగో వరస, ఉరఫ్ మొదటి వరస

తా.క. మీ ఫారంలో 'గుమ్మం నుంచి సముద్రానికి దూరం' అని అడిగారు. ఎన్ని గంటలకి? పొద్దున పన్నెండు అంగలు, మధ్యాహ్నం రెండు. పెద్ద అల వచ్చినప్పుడు ఆ దూరం మా మంచం కిందనుంచి కొలవాలి.

*

పడవల వడ్రంగి గారికి,

మీ దరఖాస్తు పరిశీలించడమైనది. దిబ్బ మీద స్థలాలు రెండు సందర్భాల్లోనే ఇవ్వబడును. ఒకటి: వరసగా పదేళ్ళ కొలతల్లో సముద్రం కనీసం ముప్ఫై మీటర్లు ముందుకు వచ్చినట్టు తేలాలి. రెండు: ఆ వరసలోని ఒక మనిషి సముద్రంలో ప్రాణం పోగొట్టుకుని ఉండాలి. అప్పుడు ఆ వరస మొత్తానికి స్థలాలు వస్తాయి.

మీ తీరంలో పదిహేడో నంబరు సర్వే రాయిని పదకొండేళ్ళ క్రితం నీటికి నలభై మీటర్ల దూరంలో పాతారు. మా కొలతల ఉద్యోగి ఏటా వచ్చి రాయి నుంచి నీటికి దూరం కొలుస్తున్నారు. పదకొండేళ్ళూ నలభై మీటర్లే వచ్చింది. కావున మీ దగ్గర సముద్రం కదలలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది.

ఇట్లు,
గుమాస్తా, తీర రక్షణ కార్యాలయం

తా.క. (చేత్తో రాసినది) దూరం దగ్గర సగటు వేసి రాయండి. మంచం సంగతి రాయకండి. ఆ ఫారంలో మంచానికి గడి లేదు.

*

గుమాస్తా గారికి,

అయ్యా, సముద్రం కదల్లేదా? ఎంత మాటన్నారండీ! మీ కొలతలాయన రావడం నేను ఏటా చూస్తూనే ఉన్నా. జీపు దిగుతాడు, మంచినీళ్ళు అడుగుతాడు, రాయికి టేపు తగిలిస్తాడు, బూటు తడవకుండా అల దాకా వెళ్తాడు, రాసుకుంటాడు, వెళ్ళిపోతాడు. తల పక్కకి తిప్పితే పాపం అన్నట్టు. పోనీ ఏటా ఒక్క మనిషే వస్తాడా అంటే అదీ లేదు. ప్రతి ఏడూ కొత్త మొహమే. పోయినేడు ఇక్కడ ఇల్లుండేదని వాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

నిన్న పడకగది గోడ బీటలిచ్చింది. అందులో నా అరచెయ్యి పడుతుంది. నా దగ్గరున్న పడవ చెక్కలు ఆ బీటకి అడ్డంగా కొట్టాను. జీవితమంతా నీళ్ళలోకి వెళ్ళేవాటికి అతుకులేశాను. నీళ్ళు లోపలికొచ్చేవాటికి వేయడం ఇదే మొదలు. నా మీద దయుంచి ఒక్కసారి మనిషిని పంపండి. రాయిని కాదు, ఇళ్ళని చూసే మనిషిని.

ఇట్లు,
పడవల వడ్రంగి

తా.క. మా అక్క ఒక మాట రాయమంది. సముద్రం కదల్లేదంటే వంటగదే దానంతటది నడుచుకుంటూ సముద్రంలోకి పోయుంటుందట. పోయేటప్పుడు రెండు గిన్నెలు కూడా పట్టుకుపోయిందట. వంటగది మీద ఫిర్యాదు ఏ సెక్షన్‌లో ఇవ్వాలి?

*

పడవల వడ్రంగి గారికి,

మీ ఉత్తరాన్ని పై అధికారి స్వయంగా చదివారు. పదకొండేళ్ళ నాటి పటంలో ముప్ఫై ఆరు ఇళ్ళూ రాయికి వెనక ఉన్నాయి. ఈ ఏటి నివేదిక ప్రకారం ఇప్పుడున్న తొమ్మిది ఇళ్ళూ రాయికి ముందు, సముద్రం వైపు ఉన్నాయి. రాయి రాయే. సముద్రం కదలలేదు. కనుక ఇళ్ళే ముందుకు కదిలాయని అధికారి తేల్చారు. ఇళ్ళు తమంతట తామే సముద్రంలోకి వెళ్ళాయని మీ అక్కగారు ఇచ్చిన వాంగ్మూలం దీన్ని బలపరుస్తోంది.

కావున మీరు సముద్రతీరాన్ని ఆక్రమించినట్టు భావించి, మీ తొమ్మిది ఇళ్ళను ఎందుకు కూల్చకూడదో ముప్ఫై రోజుల్లో తెలపవలెను. పటంలోని మిగతా ఇరవై ఏడు ఇళ్ళను ఎక్కడ దాచారో కూడా తెలపవలెను.

ఇట్లు,
గుమాస్తా

తా.క. (చేత్తో) వంటగది మాట ఫైల్లో పెట్టింది నేనే. నవ్వొచ్చి పెట్టాను, ఆయనా నవ్వుతారనుకున్నాను. క్షమించండి. ఇంకో సంగతి, నన్ను అయ్యా అనకండి. నేను ఆడమనిషిని.

*

అమ్మా గుమాస్తమ్మా,

ఆడపిల్లవని ముందే తెలిస్తే అంత కోపంగా రాసేవాణ్ణి కాదు. అక్క తిడుతోంది. వాంగ్మూలం ఇచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే గర్వంగా ఉంది, అది వేరే సంగతి.

ఇప్పుడు రాయి గురించి చెప్తా విను. రాయి రాయే అన్నారు చూడు, అక్కడే మీ ఆఫీసరు పొరబడ్డాడు. అది దానంతటది అక్కడ కూర్చుందనుకున్నారా? పదకొండేళ్ళ కిందట టోపీ పెట్టుకున్న ఒక ఆఫీసరు వచ్చి దాన్ని పాతించాడు. ఊళ్ళో చదవడం వచ్చినవాడివి నువ్వే కదా అని నన్ను పిలిచాడు. "పెద్దాయనా, ఇది సర్కారు రాయి. నీటికి నలభై మీటర్ల దూరంలో ఇక్కడే ఉండాలి. తడిసిందా, కొట్టుకుపోయిందా, నిన్నే లోపలేస్తా" అన్నాడు.

ఏడు తిరిగేసరికి నీళ్ళు రాయి దాకా వచ్చేశాయి. ఇక్కడే ఉంచాలా, నలభై మీటర్లుంచాలా? ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నాం. ఇక్కడే ఉంచితే తడుస్తుంది. తడిస్తే నన్ను లోపలేస్తారు. అందుకని పడవ మోసే గెడలు కట్టి, ఎనిమిదిమందిమి ఎత్తి, నీటికి సరిగ్గా నలభై మీటర్లు కొలిచి వెనక్కి పాతాం. అప్పట్నించి ఏటా మీ కొలతలాయన వచ్చే ముందు అదే పని. కొలతతాడు పట్టేది మా అక్క. పాతాక కడిగి సున్నం వేస్తాం. పదకొండేళ్ళలో జానెడు తేడా రానివ్వలేదమ్మా. మా ఇళ్ళు పోతున్నా రాయిని మాత్రం తడవనివ్వలేదు. ఇప్పుడది బడి వెనక ఉంది.

ఈ సంగతి మీ ఆఫీసరుకి చెప్పు. మెచ్చుకుంటాడు.

ఇట్లు,
రాయి సంరక్షకుడు, పడవల వడ్రంగి

తా.క. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురి ఇళ్ళు పోయి ఊరొదిలి వెళ్ళారు. పోయినేడు ఐదుగురమే మోశాం. దారిలో రాయి రెండుసార్లు కింద పడింది. అంచు కొంచెం విరిగింది, సున్నంతో కప్పేశాను. ఇది మాత్రం చెప్పకు.

*

బాబాయ్ గారికి,

ఇది ఆఫీసు కాగితం కాదు. ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మీ ఉత్తరం చదివాను. అయ్యో బాబాయ్, ఎంత పని చేశారు! మీరు దాన్ని ఉన్నచోటే వదిలేసి ఉంటే పదో ఏటికల్లా ముప్ఫై ఆరు ఇళ్ళకీ స్థలాలు వచ్చేవి. దాన్ని నలభై మీటర్ల దూరాన కాపాడుకుంటూ వచ్చి సముద్రం కదల్లేదని మా రిజిస్టర్లో మీరే రాయించారు.

అదీ కాక సర్వే రాయిని కదపడం నేరం. ఏడాది జైలు. మీ ఉత్తరాన్ని ఇంకా ఫైల్లో పెట్టలేదు. నా టిఫిన్ డబ్బా కింద ఉంది. పెట్టకపోతే ఆక్రమణ అని మీ ఇళ్ళు కూలుస్తారు. పెడితే సముద్రం తొంభై మీటర్లు వచ్చిందని తేలుతుంది, స్థలాలు రావచ్చు, కానీ మీరు జైలుకి వెళ్తారు. నేనేం చేయను? మీరే చెప్పండి.

మీ గుమాస్తమ్మాయి

తా.క. నా ఇంటి చిరునామా కవరు వెనక రాశాను. ఇకపై మెచ్చుకుంటారనిపించే సంగతులు ఏమున్నా ముందు అక్కడికి రాయండి.

*

అమ్మాయ్,

నీ ఉత్తరం అక్కకి చూపించలేదు. నేనే నాలుగుసార్లు చదువుకున్నా. ఆ ఇరవై ఏడు ఇళ్ళవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్కొక్క ఇల్లు పోయినప్పుడు నేనే వెళ్ళి తలుపులు ఊడదీసి ఇచ్చాను, కనీసం తలుపైనా దక్కుతుందని. ఆ వారంలోనే వెళ్ళి రాయికి సున్నం వేశాను. నా చేతులు నాకే అసహ్యంగా ఉన్నాయమ్మా.

ఫైల్లో పెట్టు. ఇంక రెండో మాట లేదు. జైలుకి నాలుగు గోడలుంటాయి, పైగా అక్కడ అలలు రావు. అక్క దిబ్బ ఎక్కితే చాలు.

ఇట్లు,
పడవల వడ్రంగి

తా.క. అక్కకి ఎలాగో తెలిసిపోయింది. తాడు పట్టింది తానేనని, తననీ తీసుకెళ్ళమని కూర్చుంది. మూట ఎలాగూ కట్టే ఉందట.

*

పడవల వడ్రంగి గారికి,

మీ నేరాంగీకారం ఫైలులో చేర్చడమైనది. ఆక్రమణ నోటీసు రద్దయినది. రాయి కదిలినందున పదకొండేళ్ళ కొలతలు కూడా రద్దయినవి. నిబంధన ప్రకారం పదేళ్ళ కొలతలు ఉండాలి కనుక, ఈ ఏడాది నుంచి కొత్తగా మొదలుపెట్టబడును. పదేళ్ళ తరువాత మరల దరఖాస్తు చేసుకొనవలెను.

రాయిని కదిపిన వ్యక్తే పదిహేను రోజుల్లో దాన్ని పటంలోని అసలు స్థానంలో తిరిగి పాతవలెను. ఆ స్థానం ప్రస్తుతం నీటిలో ఉన్నట్టు కొలతల ఉద్యోగి తెలిపారు. అది మినహాయింపుకు కారణం కాదు. కేసు ఆ తరువాత నడుచును.

ఇట్లు,
గుమాస్తా

తా.క. (చేత్తో) బాబాయ్, ఇది టైపు కొట్టింది నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మిమ్మల్ని ముంచింది నేను. ఇక మిగిలింది రెండో నిబంధన, అది ఎవరికీ పట్టకూడదు. రాయిని పడవలో తీసుకెళ్ళి ఎలాగోలా పడేసి క్షేమంగా రండి. మీకు ఈత వచ్చు కదా?

*

తీర రక్షణ కార్యాలయం గుమాస్తా గారికి,

మీరు పంపిన సంతాప పత్రం, తొమ్మిది స్థలాల పట్టాలు అందాయి. అందినట్టు రాసివ్వమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను వడ్రంగి అక్కని. ఈ నాలుగు అక్షరాలూ తమ్ముడు నేర్పినవే.

మీ ఆర్డరు ప్రకారం మా తమ్ముడు రాయిని పడవలో వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. ఎవరు వస్తానన్నా వద్దన్నాడు. రాయి మీ పటంలో చూపిన చోటే దిగింది. పడవ ఖాళీగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మూడు రోజులు వెతికారు. చూసినవాళ్ళు నలుగురు సంతకాలు పెట్టారు. రాయి తడిస్తే లోపలేస్తానని మీవాళ్ళు వాడికి చెప్పారట. ఇప్పుడు రాయీ తడిసింది, వాడూ తడిశాడు. కేసు ఎవరి మీద నడుపుతారో మీ ఇష్టం.

పోయిన వారం అందరం దిబ్బ ఎక్కాం. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. రాయి మోసిన గెడలతోనే మోశారు. కాపలావాడు తలలు లెక్కపెట్టి రాసుకున్నాడు. లెక్క సరిపోయింది.

ఇట్లు,
వడ్రంగి అక్క

తా.క. అమ్మాయ్, నా సంతకం కింద కాగితం చింపేసి పై ముక్క ఫైల్లో పెట్టు. కింది ముక్క నీకే. అందుకే మీ ఇంటికి పంపుతున్నా.

– – – – – – – –

ఈత వచ్చా అని అడిగావు కదా. వచ్చు. మహా బాగా వచ్చు.

నీ ఉత్తరం చదవగానే వాడి మొహంలో తేడా చూశాను. "అక్కా, మనకి కావలసింది సముద్రంలో పోయిన మనిషి ఒకడు, అంతే కదా" అన్నాడు. చెంప పగలగొట్టాను. అయినా వినలేదు. సంతకాలు పెట్టిన నలుగురూ వాడితో రాయి మోసినవాళ్ళే, వాళ్ళకి తెలుసు. నువ్వు ముంచానని ఏడుస్తూ ఉంటావని, చెప్పకపోతే పాపమని వాడే ఇది రాయమన్నాడు. నీ సంతాప పత్రం చదివి, తన గురించి రెండు ముక్కలు ఎక్కువ రాసుండాల్సిందన్నాడు.

కానీ చచ్చినవాడు దిబ్బ ఎక్కలేడమ్మా. కాపలావాడు రోజూ తలలు లెక్కపెడతాడు. ఒక తల ఎక్కువైతే తొమ్మిది ఇళ్ళూ దిగాలి. వాడు కిందే ఉన్నాడు, ఆ బీటలిచ్చిన ఇంట్లో, ఒక్కడే. నాకు దిగడానికి మోకాళ్ళు లేవు. వాడికి ఎక్కడానికి పేరు లేదు. వాడు రోజూ తెల్లారగానే చొక్కా ఆరేస్తాడు. నేను కంచె దగ్గర కూర్చుని చూస్తాను. చొక్కా కనబడితే బతికున్నట్టు. చచ్చినవాణ్ణి బతికించడానికి మీ దగ్గర ఫారం ఏమైనా ఉంటే దాచి ఉంచు, ఇప్పుడే పంపకు. నాకు భయమేస్తోంది. ఏడవాల్సిన ఏడుపంతా సంతకాల రోజున అందరి ముందూ ఏడ్చేశాను. రేపు నిజంగా ఏమైనా అయితే ఎవరితో చెప్పుకోను?

ఇవాళ బాగా పొద్దెక్కింది, చొక్కా ఇంకా కనబడలేదు. వాడికున్నవి రెండే చొక్కాలు, రెండూ తడిసుంటాయి. ఉండు, మళ్ళీ ఒకసారి లేచి చూసొస్తాను.