పాత ర్యాము, కొత్త ర్యాము కాపురం

మెలెంత్సి, మంగళవారం

చిరంజీవి బోష్కోకి, దరింకా పిన్ని ముద్దులు పెట్టి, ఆపైన తిట్టి రాస్తున్నది.

బస్సు డ్రైవర్ పాయా చేత నువ్వు పంపిన ర్యాము, కంప్యూటర్ పెట్టె తెరిచి పాతదాని పక్కనే గుచ్చాను. అప్పట్నుంచి కంప్యూటర్ పావుగంట పనిచేసి గుడ్లు తేలేస్తోంది. ఆదివారం నేను తీసిన పెళ్లి వీడియో చూడ్డానికి రెండు వైపుల వాళ్లూ మా ఇంటికొస్తున్నారు. విందులో సూపులో సేమ్యాలు తక్కువయ్యాయని పెళ్లికూతురి తండ్రి అనడం, పెళ్లికొడుకు తల్లి జివానా గరిటెత్తుకుని వియ్యంకుడి మీదికి లేవడం అందులో ఉన్నాయి. అది కత్తిరించకపోతే గొడవ మళ్లీ రాజుకుంటుంది, పిల్ల కాపురం కూలుతుంది. తీరా అక్కడికి వచ్చేసరికి కంప్యూటర్ ఆగిపోతోంది!

నీ పిన్ని
దరింకా

తా.క. ఫోన్ చెయ్యకు. మాదీ పక్కింటి మార్గితదీ ఒకటే లైను. అన్నీ వింటుంది. జివానాకి చుట్టం కూడా.

నోవిసాద్, బుధవారం

పిన్నికి బోష్కో నమస్కారాలు.

అది ర్యాముల పేచీయే. పాతది నెమ్మది, కొత్తది చురుకు, పైగా వేరే కంపెనీది. పక్కపక్కన పెడితే కొత్తది పాతదాని నడక నడవాలి. ఒక్కోసారి అసలు పొత్తే కుదరదు. అవి గుచ్చే స్లాట్లు మార్చి చూడు. లేదంటే ఒక్కోదాన్నే పెట్టి చూడు.

నీ బోష్కో

తా.క. కంప్యూటర్ల విషయంలో మా ఇంట్లో అందరూ నా మాటే వింటారు, మా ఆవిడ తప్ప.

మెలెంత్సి, గురువారం

ఒరేయ్ పండితుడా,

స్లాట్లు మార్చాను. కొత్తదాన్ని ఒంటరిగా పెట్టాను. పాతదాన్ని ఒంటరిగా పెట్టాను. ఎలా పెట్టినా పావుగంటకే ఆగింది. చివరికి రెంటినీ కూచోబెట్టి, "ఆదివారం దాకా ఓర్చుకోండమ్మా, తర్వాత జుట్లు పట్టుకుందురు గాని" అని బతిమాలాను. వినలేదు. జివానా ఆదివారానికి అప్పుడే గసగసాల రొట్టెలు మొదలుపెట్టిందట. నాకు భయంగా ఉందిరా.

దిక్కుతోచని
దరింకా

తా.క. కంప్యూటర్ పెట్టెకి ముందో చిల్లు, వెనకో చిల్లు ఉంటే ప్రొమాయా, ఆ జబ్బుల గాలి, దూసుకురాదూ? నా మోకాళ్లు పట్టేస్తాయని కొత్త ర్యాము పెట్టిన రోజే వెనక చిల్లులో మీ బాబాయి ఉన్ని మేజోడు కుక్కేశాను. నా ఆరోగ్యం గురించి బెంగపడకు.

నోవిసాద్, శనివారం

పిన్నీ,

పాతది ఒంటరిగానూ ఆగిందంటే, కొత్తదాని సావాసంతో అదీ చెడిందన్నమాట! రెంటినీ తీసెయ్. ఒకే కంపెనీ కవల ర్యాములు పంపుతున్నాను. ఇవి జన్మలో పోట్లాడుకోవు.

నీ బోష్కో

తా.క. నీ తా.క. ఇప్పుడే మా ఆవిడ చదివి పడీపడీ నవ్వుతోంది. మేజోడా? అది వేడిగాలి బయటికెళ్లే దారి పిన్నీ! తియ్! ముందు అది తియ్!

మెలెంత్సి, సోమవారం

బంగారు బోష్కోకి, పిన్ని బతికి బట్టకట్టి రాస్తున్నది.

నీ ఉత్తరం ఆదివారం మధ్యాహ్నం బస్సుకొచ్చింది. అప్పటికే జనం గదినిండా కూర్చున్నారు. కత్తిరించే వ్యవధి లేదు. మేజోడు లాగేశాను. కంప్యూటర్ పరుగందుకుంది, ఆగదే! చర్చి అయిపోయింది, డాన్సు మొదలైంది. అంతలో కంప్యూటర్ పెట్టె వెనక చిల్లు దగ్గర కూర్చున్న జివానా, "అమ్మో ప్రొమాయా! నా మెడ!" అంటూ తన శాలువా తీసి చిల్లులో కుక్కింది.

నేను గడియారం చూసుకుని పావుగంట లెక్కపెట్టసాగాను.

సూపు వచ్చింది. పెళ్లికూతురి తండ్రి చెంచాడు తాగాడు, మొహం చిట్లించాడు, నోరు తెరిచాడు. తెర నల్లబడింది.

"ఎంత చక్కగా ముగించావే దరింకా!" అంటూ జివానా వియ్యంకుణ్ణి కావలించుకుని ఏడ్చింది.

నీ పిన్ని
దరింకా

తా.క. కవలల్ని తిప్పి పంపుతున్నాను. పాతదీ కొత్తదీ ఒకే పెట్టెలో హాయిగా ఉన్నాయి. వీడియోలోంచి ఆ గరిటె గొడవ ముక్క కత్తిరించి, పారేయడానికి చేతులు రాక డిస్కులో పెట్టి మీ ఆవిడకి పంపుతున్నాను. కిటికీలు మూసుకుని చూడండి. ఎవరైనా వింటారని కాదు, ప్రొమాయా!